గాలి మెట్ల కొండ

"వాడిని ఆ గాల్లో వేలాడే పని మానేయమని చెప్పి రండి."

నన్ను జర్మనీ పంపిస్తూ మా ఆవిడ అప్పజెప్పిన పనుల్లో మొదటిది ఇది. రెండోది ఆవకాయ సీసా పగలకుండా చేర్చడం. రెండోది బానే జరిగిపోయింది. మొదటిదాని సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

మావాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడి మనవాళ్ళు సెలవొస్తే క్రికెట్ ఆడుకుంటారు, ఒకరింట్లో చేరి బిర్యానీ వండుకుంటారు. మావాడేమో గ్లైడర్ నేర్చుకుంటున్నాడు. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం. ఈ ఒక్క ముక్క వాడు ఫోన్‌లో నోరు జారడంతో మా ఇంట్లో ఆర్నెల్లుగా ప్రశాంతత లేదు. "ఇంజిన్ ఉన్నవే పడిపోతుంటే..." అని మొదలవుతుంది రోజూ. ఆవిడ వాదనకు నా దగ్గరా జవాబు లేదు. అందుకే "ఆదివారం నువ్వెక్కడికి వెళ్తావో అక్కడికే నన్నూ తీసుకెళ్ళరా" అన్నాను.

వెళ్ళింది వాసర్‌కుప్పె అనే కొండకి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫుల్డా ఊరికి రైల్లో గంట. అక్కడ చిన్న రైలు మారితే గెర్స్‌ఫెల్డ్. ఆ పైన రోడ్డు ప్రయాణం. ర్యోన్ అనే కొండల వరసలో ఇదే ఎత్తయినది. ఎత్తు అంటే మరీ ఊహించుకోవద్దు... 950 మీటర్లు. మన తిరుమల కొండకి కాస్త అటూ ఇటూ. హిమాలయాలు చూసినవాళ్ళకి గుట్టలా కనిపిస్తుంది. కానీ పైకెక్కగానే తేడా తెలుస్తుంది. చెట్లు దాదాపు లేవు. నున్నగా గొరిగిన తలలాంటి పచ్చిక కొండ. చుట్టూ ఎటు చూసినా అడ్డం లేదు. అడ్డం లేని చోట ఏముంటుంది? గాలి ఉంటుంది. జూన్ నెలలో కూడా మఫ్లర్ కోసం చెయ్యి వెదుక్కుంది.

శిఖరం మీద పెద్ద తెల్లటి గోళం ఒకటి కనిపిస్తుంది. తూర్పు జర్మనీ సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరం కావడంతో ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో అటువైపు ఆకాశాన్ని కనిపెట్టడానికి రాడార్లు పెట్టారు. వాటిమీద కప్పిన గోళాల్లో మిగిలింది ఇది. ఇప్పుడు సరిహద్దూ లేదు, రాడారూ లేదు. గోళంలోకి జనం ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. కొండ పక్కన చిన్న ఊట ఉంది. అదే ఫుల్డా నది పుట్టిన చోటు. దోసిలితో పట్టుకోగలిగినంత నీరు. అది దిగిపోయి, వెర్రా అనే మరో నదితో కలిసి, వేజర్ అన్న పేరుతో సముద్రం దాకా పోతుందంటే నమ్మబుద్ధి కాదు.

కాలేజీ కుర్రాళ్ళ కొండ

ఈ కొండకి పేరు తెచ్చింది నదీ కాదు, రాడారూ కాదు. 1911లో డార్మ్‌స్టాట్ నుంచి కొందరు విద్యార్థులు సొంతంగా చేసుకున్న గ్లైడర్లు మోసుకుని ఇక్కడికొచ్చారు. వాలు నున్నగా ఉంది, గాలి తెంపు లేకుండా వీస్తోంది. ఇంకేం కావాలి? ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ ఓడిపోయింది. వెర్సాయ్ సంధి ప్రకారం ఆ దేశానికి వైమానిక దళం ఉండకూడదు. ఇంజిన్ విమానాల తయారీ మీదా నిషేధాలు, ఆంక్షలు. ఎగరాలన్న పిచ్చి మాత్రం ఏ సంధితోనూ పోయేది కాదు కదా! ఇంజిన్ వద్దన్నారు కాబట్టి ఇంజిన్ లేకుండానే ఎగురుదామనుకున్నారు. ఓస్కార్ ఉర్సినుస్ అనే పత్రికా సంపాదకుడు పిలుపిస్తే 1920లో ఇక్కడ మొదటి గ్లైడింగ్ పోటీ జరిగింది.

అప్పటి పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. విమానం ముక్కుకి లావుపాటి రబ్బరు తాడు తగిలిస్తారు. దాని రెండు కొసలూ పట్టుకుని ఇద్దరో నలుగురో చొప్పున వాలు కిందకి పరుగెత్తుతారు. తోకని మరికొందరు పట్టుకుంటారు. తాడు సాగాక తోక వదిలేస్తారు. మన ఉండేలు దెబ్బే! ఆ మొదటి ఏడాది గెలిచిన వోల్ఫ్‌గాంగ్ క్లెంపరర్ గాల్లో ఉన్నది రెండు నిమిషాల 22 సెకన్లు. మరుసటేడు ఆయనే 13 నిమిషాలున్నాడు. అమెరికాలో ఆర్విల్ రైట్ 1911లో నెలకొల్పిన తొమ్మిది నిమిషాల 45 సెకన్ల రికార్డు పోయింది. 1922లో వాంపైర్ అనే గ్లైడర్ మీద ఆర్థర్ మార్టెన్స్ గంట దాటించాడు. అదే నెలలో అదే విమానం మీద హెంట్‌సెన్ మూడు గంటలు దాటించాడు. ఆ వాంపైర్ ఇప్పుడు మ్యూనిక్ మ్యూజియంలో ఉంది.

రెండు నిమిషాల నుంచి మూడు గంటలకి... రెండేళ్ళలో! విమానాలు మెరుగయ్యాయి, నిజమే. కానీ అసలు రహస్యం గాలిది. గాలి అడ్డంగానే పోదు, నిలువుగానూ పోతుందని వాళ్ళకి ఇక్కడే బాగా తెలిసొచ్చింది. కొండకి తగిలిన గాలికి పోవడానికి దారి ఉండదు. వాలు వెంట పైకెక్కుతుంది. ఆ పైకెక్కే గాలిలో కొండ బారునా అటూ ఇటూ పచార్లు చేస్తుంటే విమానం కిందపడదు. కిందకి దిగే ఎస్కలేటర్ మీద పైకి పరుగెత్తే పిల్లలు ఉన్నచోటే ఉండిపోతారు చూడండి, దానికి తిరగేసిన లెక్క ఇది. గ్లైడర్ ఎప్పుడూ గాలిలోంచి కిందకే జారుతుంది. కాకపోతే అది జారేదానికంటే గాలి వేగంగా పైకి పోతుంటే, మొత్తం మీద పైకే.

ఈ ముక్క మావాడు మ్యూజియంలో చెప్పాడు. 1987లో తెరిచిన గ్లైడింగ్ మ్యూజియం కొండ మీదే ఉంది. చెక్కా గుడ్డా అతికించి చేసిన పాత విమానాలు కప్పు నుంచి వేలాడుతుంటాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో, నా కొడుకు వాటిలో కూర్చున్నట్టు ఊహించుకుంటే అంత గుబులుగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఇక్కడ పేరు మోసిన పైలట్ గుంటర్ గ్రోన్‌హాఫ్ 1932 పోటీల్లో చనిపోయాడు. పాతికేళ్ళు నిండలేదు. బయట రాళ్ళ గుట్ట మీద కంచు గద్ద స్మారకం. మొదటి యుద్ధంలో పోయిన పైలట్ల కోసం 1923లో పెట్టింది. దాని ముందు నిలబడినప్పుడు మా ఆవిడ చెప్పిన మాట మళ్ళీ చెవిలో వినిపించింది.

నా బరువు అడిగారు

అక్కడి శిక్షకుల్లో ఒక పెద్దావిడ ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. మావాడికి గురువు. ఆవిణ్ణి సూటిగానే అడిగాను, "ఇందులో ప్రమాదం లేదా?" అని. ఏమీ లేదండీ అంటారనుకున్నాను. "ఉంది. కొండకి అవతల ఏముంటుందో తెలియని వాళ్ళకి ఇంకా ఎక్కువ ఉంది. రండి, చూపిస్తాను" అన్నారు. తర్వాతి ప్రశ్న నా బరువు. మా ఆవిడకి కూడా చెప్పని అంకె ఆవిడకి చెప్పాల్సి వచ్చింది.

ఎక్కించింది మోటార్ గ్లైడర్. పక్కపక్కన రెండు సీట్లు, పొడుగాటి రెక్కలు, ముక్కుకి 80 హార్స్‌పవర్ ఇంజిన్. అంటే మన వీధిలో తిరిగే చిన్న కారు పాటిది. ఆ ఇంజిన్ మీద ఇద్దరు మనుషులు ఆకాశానికెక్కాలి. పైగా రన్‌వేనే 900 మీటర్ల ఎత్తులో. ఎత్తులో గాలి పల్చన, ఎండకి మరింత పల్చన. ఇంజిన్‌కీ రెక్కకీ కూడా గాలే తిండి కాబట్టి రెండూ నీరసిస్తాయి. వాలుగా ఉన్న రన్‌వే మీద పరుగు తీసి లేచాం. పైకెక్కే వేగం చూపించే గడియారంలాంటి పరికరం మీద ముల్లు సెకనుకి రెండున్నర మీటర్ల దగ్గర నిలబడింది. ఎద్దుబండి ఘాట్ రోడ్డు ఎక్కినట్టుంది నా ప్రాణానికి.

ఆవిడ నేరుగా వెళ్ళకుండా పడమటి వాలు వైపు తిప్పారు. ఆ రోజు పడమటి గాలి. వాలు మీద గడ్డి కొండవైపు వంగి ఉండడం పైనుంచి కనిపిస్తోంది. కొండని సూటిగా ఎదుర్కోకుండా ఏటవాలుగా దగ్గరికి వెళ్ళారు. ఎందుకలా అంటే, "ఏదైనా తేడా వస్తే సగం మలుపుతోనే బయటపడచ్చు. తిరగాల్సి వస్తే ఎప్పుడూ కొండకి దూరంగానే తిరగాలి, కొండవైపు తిరక్కూడదు" అన్నారు. వాలు పక్కకి చేరామో లేదో సీటు కిందనుంచి ఎవరో అరచేతితో ఎత్తినట్టయింది. ముల్లు నాలుగున్నరకి వెళ్ళింది. ఇంజిన్ అదే, బరువు అదే, పెట్రోలూ అదే. మిగిలిన రెండు మీటర్లూ గాలి ఉచితంగా ఇచ్చింది! చిన్న విమానాలు నడిపేవాళ్ళు గాలిని చూసి దారి ఎంచుకోవడం ఎందుకు నేర్చుకోవాలో ఈ ఒక్క ముల్లు చెప్పేసింది.

తగినంత ఎత్తుకి చేరాక, "ఇప్పుడు అవతలి సంగతి" అంటూ తూర్పు వైపు తీసుకెళ్ళారు. పైకెక్కిన గాలి ఎక్కడో దిగాలి కదా. కొండ దాటిన గాలి అవతల వాలు మీద జారుతుంది, సుళ్ళు తిరుగుతుంది. ఏరులో బండరాయి వెనక నీళ్ళు తిరిగినట్టే. మొదట రెండు కుదుపులు. తర్వాత కడుపులో ఖాళీ. ఇంజిన్ పూర్తి బలంతో అరుస్తోంది. ముక్కు పైకే ఉంది. ముల్లు మాత్రం సున్నా దాటి కిందకి పోయింది. లెక్క తేలికే... మనం రెండున్నర ఎక్కుతుంటే గాలి మూడు మీటర్లు దిగుతోంది. మిగిలేది అర మీటరు నష్టం. కాగితం మీద అర మీటరు పెద్దగా అనిపించదు. ఎదురుగా అడవి పైకి లేచి వస్తుంటే మాత్రం అనిపిస్తుంది.

"ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు?" అన్నారావిడ, పరీక్ష హాల్లో అడిగినట్టు.

"ముక్కు ఇంకా పైకెత్తుతాను."

"అందరూ అదే అంటారు. అలాగే పోయారు చాలామంది."

ముక్కు ఎత్తితే వేగం పడిపోతుంది. వేగం పడితే రెక్క పనిచేయడం మానేస్తుంది. ఆవిడ నాకు పూర్తిగా వ్యతిరేకంగా చేశారు. ముక్కు దించి, వేగం పెంచి, లోయ వైపు తిరిగారు. ఆ మెట్లు దిగే గాలిలోంచి ఎంత త్వరగా బయటపడితే అంత తక్కువ పోగొట్టుకుంటాం. నిమిషం కూడా పట్టలేదు. నా చొక్కా మాత్రం తడిసిపోయింది. ఇదంతా చాలినంత ఎత్తులో, ముందే అనుకుని చేసిన పని. తక్కువ ఎత్తులో, తెలియక, ఇదే మూలకి వచ్చినవాడి సంగతేమిటని అడగలేకపోయాను. ఆవిడ కొండకి అవతల అన్నది దీన్నే.

గద్ద చెప్పిన చోట

తర్వాత చూపించింది ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన భాగం. మన ఊళ్ళలో వేసవి మధ్యాహ్నం ఖాళీ పొలంలో ఉన్నట్టుండి సుడిగాలి లేస్తుంది. దుమ్మూ ఎండుటాకులూ గుండ్రంగా తిరుగుతూ పైకిపోతాయి. మనకది దుమ్ము. గ్లైడర్ నడిపేవాడికి లిఫ్టు! ఎండకి నేలంతా ఒకేలా వేడెక్కదు. దున్నిన నల్లనేల, బండలు, ఇళ్ళ కప్పులు తొందరగా కాగుతాయి. చెరువూ అడవీ ఆలస్యంగా. కాగిన చోట గాలి తేలికై బుడగలా లేస్తుంది. పైకిపోయేకొద్దీ ప్రతి వంద మీటర్లకీ ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. చల్లబడి చల్లబడి దానిలోని తేమ నీటి చుక్కలయ్యే ఎత్తులో దూదిపింజలాంటి మబ్బు పుడుతుంది. అంటే అడుగు చదునుగా ఉన్న తెల్లమబ్బు కనిపిస్తే, దాని కింద కనిపించని గాలి స్తంభం ఉందని గుర్తు.

నేలపట్టు వెళ్ళినవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడి గూడబాతులు పొద్దున్నే రెక్కలు కొట్టుకుంటూ ఆయాసపడవు. ఎండెక్కి నేల కాగాక గుంపుగా లేచి, గుండ్రంగా తిరుగుతూ, రెక్క కదపకుండా చుక్కలైపోతాయి. అన్నేసి కిలోల పక్షి పులికాట్ దాకా మేతకి వెళ్ళి రావాలంటే అదే కిటుకు. ఊరి చివర చెత్తకుప్ప మీద తిరిగే గద్దలదీ అదే పని. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను గానీ ఎందుకు తిరుగుతాయో ఎప్పుడూ అడగలేదు నేను.

ఆవిడ ఒక మబ్బు వంక చూపించారు. దాని కిందుగా తోక చీలిన ఎర్ర గద్ద ఒకటి తిరుగుతోంది. ఈ కొండల్లో ఆ గద్దలు ఎక్కువ. "అది అబద్ధం చెప్పదు" అంటూ అటు వెళ్ళి రెక్క వంచారు. గుండ్రంగా తిరగాలి, ఎందుకంటే స్తంభం సన్నం. నేరుగా పోతే క్షణాల్లో దాటిపోతాం. ముల్లు లేచింది. అప్పుడావిడ చెయ్యి చాపి ఇంజిన్ ఆపేశారు. అడగను కూడా అడగలేదు.

ప్రొపెల్లర్ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. కళ్ళముందు అడ్డకర్రలా నిలబడింది. రెక్కల మీద గాలి రాసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పైకెక్కుతున్నామని చెప్పే పరికరం కూనిరాగంలా మోగుతోంది. సెకనుకి మీటరు పైమాటే. పెద్ద వేగం కాదు, మేడ మెట్లు ఎక్కినంత. కానీ ఆగడం లేదు. ఇంజిన్‌తో ఎద్దుబండిలా ఎక్కిన మనం ఇంజిన్ లేకుండా ఎక్కుతున్నాం. గద్ద ఒకసారి మెడ తిప్పి చూసి, మాకంటే చిన్న చుట్టు వేసుకుని, మాకంటే ముందే పైకి వెళ్ళిపోయింది. భయం ఎప్పుడు పోయిందో గమనించలేదు. మబ్బు అడుగు దగ్గరపడగానే ఆవిడ పక్కకి తప్పుకున్నారు. మబ్బులోకి వెళ్ళకూడదు. 1926లో మాక్స్ కేగెల్ అనే పైలట్‌ని ఇదే కొండ మీద ఉరుముల మబ్బు లోపలికి లాగేసుకుంది. ఎలాగో బతికి 55 కిలోమీటర్ల అవతల దిగాడు. అప్పటికి అది రికార్డు! జనం ఆయనకి ఉరుముల మాక్స్ అని పేరు పెట్టేశారు.

మబ్బుల్నీ కనిపించని స్తంభాల్నీ ఒక పద్ధతిగా వాడుకున్నవాళ్ళలో మొదటివాడు రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్. ఆస్ట్రియా కుర్రాడు. ముల్లు పరికరాన్ని గ్లైడర్‌లో పెట్టుకోమని ఆయనకి సలహా ఇచ్చింది విమానాల రూపకర్త లిప్పిష్. పాత రోజుల్లో దానికి గాలి డబ్బాగా థర్మోస్ ఫ్లాస్క్ వాడేవారు. 1928లో ఆ పరికరంతో క్రోన్‌ఫెల్డ్ మబ్బు కిందుగా పక్క కొండదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మరుసటేడు వంద కిలోమీటర్లు దాటాడు. 1931లో ఇంగ్లిష్ చానల్‌ని ఒకే రోజు అటూ ఇటూ దాటి డైలీ మెయిల్ బహుమతి గెలిచాడు. ఇంత చేసినవాడు 1933లో హిట్లర్ వచ్చాక జర్మనీలో ఎగరడానికి పనికిరాకుండా పోయాడు. కారణం యూదుడు కావడం. ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1948లో అక్కడే తోకలేని గ్లైడర్‌ని పరీక్షిస్తూ చనిపోయాడు.

ఈ కొండ మాత్రం వేరే చేతుల్లో పడింది. క్లబ్బులన్నీ ప్రభుత్వం గుప్పిట్లోకి వెళ్ళాయి. రబ్బరు తాడు లాగిన కుర్రాళ్ళ తమ్ముళ్ళు హిట్లర్ యువదళంలో గ్లైడర్ పాఠాలు నేర్చుకున్నారు. వాళ్ళలో ఎందరో తర్వాత యుద్ధ విమానాలెక్కారు. నిషేధాన్ని తప్పించుకుని ఆడుకున్న ఆట యుద్ధానికి బడి అయింది. మ్యూజియంలో ఆ గది దగ్గర జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. యుద్ధం ముగిశాక గ్లైడర్లు కూడా నిషేధమే. మళ్ళీ 1951లో గానీ ఇక్కడ రెక్క లేవలేదు.

ఇప్పుడు ఇంజిన్ లేకుండా రోజులో వెయ్యి కిలోమీటర్లు దాటేవాళ్ళున్నారు. పర్వతాల వెనక గాలి కెరటాల్లా లేస్తుందని 1933లో తెలిసింది. ఆ కెరటాలు పట్టుకునే 2018లో అర్జెంటీనాలో పెర్లాన్ అనే గ్లైడర్ 76 వేల అడుగులు దాటింది. మనల్ని అమెరికా మోసుకెళ్ళే విమానాలు ఎగిరేది అందులో సగం ఎత్తులో!

సాయంత్రం మావాడు ఒంటరిగా ఎగిరాడు. వీపుకి పారాచూట్ కట్టుకున్నాడు. కాగితం చూసి ఒక్కొక్క మీటా తట్టి చూసుకున్నాడు. ఇంట్లో గ్యాస్ కట్టేశాడో లేదో రెండుసార్లు ఫోన్ చేస్తే గానీ గుర్తురాని వాడు! నలభై నిమిషాలు పైనే ఉన్నాడు. తెల్లటి రెక్క పడమటి వాలు మీద అటూ ఇటూ తిరుగుతుంటే నేను గడ్డిలో కూర్చుని చూశాను. తూర్పు వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అది మాత్రం లెక్కపెట్టుకున్నాను.

రాత్రి ఫోన్ మోగింది.

"చెప్పారా?"

"చెప్పాను." నిజానికి చెప్పలేదు.

"మానేస్తానన్నాడా?"

"లేదు."

కాసేపు ఏమీ వినపడలేదు. "కొంపదీసి మీరూ ఎక్కలేదు కదా?"

ఇంజిన్ ఆపేసిన సంగతి వదిలేసి మిగతాదంతా చెప్పాను. గద్ద గురించి కొంచెం ఎక్కువే చెప్పానేమో. ఆవిడ అంతా విని, "ఆవకాయ బాగుందన్నాడా?" అంది.